శిస్తులో నాలుగవ వంతు

రాయలసీమ పల్లెలలో ఒకప్పుడు ‘మన్రోలప్ప’, ‘మన్రప్ప’ అను పేర్లు గల మనుష్యులుండెడివారు. బిడ్డకు తాత పేరో, ఇలవేల్పు పేరో పెట్టుట మన వాడుక. శిస్తు వసూలు చేయవచ్చిన పరదేశి పేరును బిడ్డకు పెట్టుకొనుట ఏ దేశమునందైనను అరుదైన సంగతియే. ఆ గౌరవమును పొందినవాడు సర్ థామస్ మన్రో. ముదిగుబ్బ, కదిరి, ధర్మవరము, పెనుకొండ, హిందూపురము మొదలుగా నేడు శ్రీ సత్యసాయి జిల్లాలో చేరిన ఊళ్లన్నియు ఒకనాడు ఆయన కచేరీ క్రిందివే. జనులాయనను మన్రో దొర యనిరి. భక్తి హెచ్చినవారు మాండవ్య ఋషి యనియు పిలిచిరి.

అయినను ఆ దొర కట్టిన శిస్తు తేలికయైనది కాదు. అది బరువని రైతునకు మొదటినుండియు తెలియును. కచేరీవారిలో ఆ మాట నొప్పుకొని పైవారికి వ్రాసిపంపినవాడు మన్రోయే. తాను నిర్ణయించిన శిస్తులోనుండి నాలుగవ వంతు తగ్గింపవలెనని ఆయన 1807లో అడిగెను. అడిగినది రైతు చేతికి వచ్చుసరికి పదమూడేండ్లు గడచెను. మన్రో జీవితమున యుద్ధములు కలవు, పదవులు కలవు, బిరుదులు కలవు. ఈ సీమ రైతునకు వానితో పని లేదు. ఆయన చరిత్రలో రైతుకు కావలసిన కథ ఈ నాలుగవ వంతు కథయే.

మన్రో 1761 మే 27వ తేదీన స్కాట్లండు దేశమున గ్లాస్గో నగరమందు జన్మించెను. తండ్రి అలెగ్జాండర్ మన్రో వర్జీనియాతో వర్తకము చేయు వ్యాపారి. అమెరికా వలసలు ఇంగ్లండుపై తిరుగబడగా ఆ వర్తకము కూలెను. గ్లాస్గో విశ్వవిద్యాలయమున గణితమునందు గట్టివాడనిపించుకొని, ఒక వర్తకుని కొట్టులో లెక్కలు వ్రాయుచున్న కుమారుడు పొట్టకూటికై కంపెనీ కొలువులో చేరవలసి వచ్చెను. 1780 జనవరిలో ఆయన సైనిక శిక్షార్థిగా చెన్నపట్టణమున దిగెను. ఆ యేడే హైదరాలీ కర్ణాటకముపై దండెత్తెను. 1784 వరకు మన్రో ఆ యుద్ధములలో తిరిగెను. అప్పుల పాలైన తలిదండ్రులకు తన జీతమునుండి సొమ్ము పంపుచుండుట ఆయనకు చివరివరకు విధిగా ఉండెను. అప్పు కుటుంబమునెట్లు క్రుంగదీయునో పుస్తకములలో గాక ఇంటిలోనే నేర్చినవాడు. ఆయన తరువాతి రాతలను చదువునపుడు ఈ సంగతి మరువరాదు.

1792లో టిప్పూ సుల్తాను ఓడిపోయి బారామహలును కంపెనీకి విడిచెను. దేశభాషలు తెలిసిన పౌర ఉద్యోగులు చెన్నపట్టణమున కరవు. అందుచేత అలెగ్జాండర్ రీడ్ అను సేనానికి ఆ సీమ పాలన అప్పగింపబడెను. ఆయనకు సహాయకులలో మన్రో యొకడు. ఏడేండ్లు సేలము ప్రాంతపు పల్లెలలో తిరిగి, జమీందారుడు, ఇజారాదారుడు అను మధ్యవారు లేకుండ సర్కారు నేరుగా రైతుతోనే శిస్తు నిర్ణయించుకొను పద్ధతిని వారు నేర్చిరి. అదియే రైతువారీ. బంగాళమున 1793లో కారన్‌వాలిస్ జమీందారులతో శాశ్వతముగా ఒప్పందము చేసికొనగా, దానికి పూర్తిగా ఎదురైన త్రోవ ఇక్కడ పడెను. 1799లో శ్రీరంగపట్టణము పడిపోయిన పిమ్మట మన్రో కొన్నాళ్లు కన్నడ తీరమున పనిచేసి, 1800లో మన సీమకు వచ్చెను.

ఆ యేడు అక్టోబరు 12వ తేదీ సంధి ప్రకారము, మైసూరు యుద్ధములలో తనకు వచ్చిన భూములను నిజాము తన రక్షణకై యుంచిన కంపెనీ సేనల ఖర్చు క్రింద ఆంగ్లేయులకు ధారపోసెను. అవియే దత్తమండలములు. (ఆ పేరు అవమానకరమని 1928లో నంద్యాల సభయందు చిలుకూరి నారాయణరావుగారు రాయలసీమ అను పేరు సూచించుటయు, అది నిలిచిపోవుటయు ఉపాధ్యాయులెరిగినదే.) బళ్లారి, అనంతపురము, కడప ప్రాంతములును, కర్నూలు నవాబు క్రింద లేని కర్నూలు భాగములును అందులో చేరెను. మన్రో ప్రధాన కలెక్టరు. ఆయన క్రింద నలుగురు ఉపకలెక్టర్లు. అనంతపురము ఆయన ముఖ్యస్థానము. ముఖ్యస్థానమనుట మాటవరసకే. ఏడేండ్లలో అధిక భాగము ఆయన గుడారములలోనే కాపురముండెను.

వచ్చునప్పటికి దేశము చెదరియుండెను. ఎనుబదిమందివరకు పాళెగాండ్రు కోటలు పట్టుకొని, బంట్లను పోషించుచు, శిస్తు తామే తీసికొనుచుండిరి. ఊరికొక మట్టి కోట, కోటకొక బురుజు. మన్రో వారిని లొంగదీసిన తీరు కఠినమైనది. పాళెగాండ్ర విషయమున ఆయన కాఠిన్యమును ఇంగ్లండునందలి కంపెనీ డైరెక్టర్లే తప్పుపట్టిరి. 1801లో ఆదోని సీమ యందలి తెర్నేకల్లు గ్రామస్థులు శిస్తుకై వచ్చిన తహశీలుదారుని చంపిరి. పైకి పంపిన సేనను కూడ ఒకసారి వెనుకకు కొట్టిరి. రెండవసారి వచ్చిన సేన కోటను పట్టెను, నాయకునికి ఉరి పడెను. ఆ నాయకుడు ముత్తుకూరు గౌడప్ప అని ఆ ప్రాంతమువారు నేటికిని చెప్పుకొందురు. బిడ్డలకు మన్రో పేరు పెట్టిన సీమయే గౌడప్పను కూడ తలచుకొనుచున్నది. రెండును నిజములే. ఒకదానికై రెండవదానిని తుడిచివేయుట చరిత్ర కాదు.

ఇక జమాబందీ. ఏటేట సర్కారును రైతును ఎదురెదురుగా కూర్చుండి ఈ యేటి శిస్తింత అని తేల్చుకొను వ్యవహారమునకు ఆ పేరు. దానిలోని పోరు తెలియవలెనన్న ముందు నేల తెలియవలెను. ముదిగుబ్బ చుట్టుప్రక్కల ఎఱ్ఱనేలలు, గులకరాళ్లు, గుట్టలు. ఏటికి 22 అంగుళములకు అటునిటుగా వాన, అదియు నమ్మకము లేనిది. వేరుసెనగ అప్పటికింకను ఈ మెట్టలను ఆక్రమింపలేదు. కొర్ర, సజ్జ, జొన్న, ఆరికె, ఉలవ మెట్టపైరులు. ధర్మవరము, బుక్కపట్నము వంటి పెద్ద చెరువుల క్రిందను, ఊరూరనున్న చిన్న చెరువుల క్రిందను వరిమళ్లు. బావుల క్రింద కపిల తోలి పండించుకొను తోటలు. ఒకే రైతునకు ఈ మూడు విధముల నేలయు తునకలుతునకలుగా ఉండుట సామాన్యము. ఒక యేడు చెరువు నిండును, మరుసటి యేడు అడుగున నెఱ్ఱెలు విచ్చును. ఇట్టి నేలకు శాశ్వతముగా ఒకే లెక్క కట్టుట ఎవరి తరము?

దున్నకము మొదలగునపుడు తహశీలుదారు ఊరూర తిరిగి, ఎవరెంత సాగు చేయుచున్నారో చూచి వ్రాసికొనును. ముందటి పైరు కోతకు వచ్చి, వెనుకటి పైరు మొలకెత్తు వేళకు కలెక్టరు బయలుదేరును. గుడారము వద్దకు చుట్టుప్రక్కల గ్రామముల రెడ్లు, కరణములు, ముఖ్యులైన రైతులు చేరుదురు. కచేరీవారు ఒక మొత్తము చెప్పుదురు. రెడ్లు అది తమవలన కాదందురు. వాన చాలలేదనియు, చెరువు తెగినదనియు, ఎద్దులు చచ్చినవనియు మొరపెట్టుదురు. అందులో కొంత నిజము, కొంత పెంపు. కరణము వద్ద రెండు లెక్కలుండుట ఆ కాలమున వింత కాదు. ఒకటి సర్కారునకు చూపునది, రెండవది తనకు తెలిసినది. దొంగలెక్కను పట్టుకొనుటకు కచేరీవారు పొరుగూరి రెడ్డిని పిలిచి ఈ యూరి పైరును అంచనా కట్టుమని అడుగుదురు. పొరుగువాడు ఎక్కువ చెప్పినచో ఆ యూరివాడు వాని పంటనింకను ఎక్కువ చెప్పును. పగలు, బంధుత్వములు, పాత భూవివాదములు అన్నియు ఆ పూట బయటపడును.

రైతు చేతనున్న ఆయుధమొక్కటే, వలస. దున్నువాడు తక్కువ, బీడు ఎక్కువ యైన కాలమది. శిస్తు మితిమీరినచో రైతు ఎద్దులను తోలుకొని రాత్రికి రాత్రి సరిహద్దు దాటి మైసూరు దేశమునకో, నిజాము దేశమునకో పోగలడు. పోయినవానిని తిరిగి రప్పించుటకు తక్కువ శిస్తుపై కౌలిచ్చుట, తకావి అప్పిచ్చుట తప్పదు. ఇది సర్కారునకు తెలియును, రెడ్డికి తెలియును, రెడ్డికి తెలిసినదని సర్కారునకును తెలియును. కనుక చివరకు మొదట చెప్పిన మొత్తమునకును రైతులు ఒప్పుకొందుమన్న మొత్తమునకును నడుమ నెక్కడనో తేలును. మొదటి యేడు సమయము చాలక ఊరికింతయని కట్టిరి. రెండవ యేటినుండి రైతుకు రైతుగా కట్టసాగిరి. ఎవని పట్టా వానికి చేరెను.

ఈ బేరమున రైతుతో పాటు మన్రో కూడ ఒక విధముగా చిక్కుపడియే యుండెను. ఒకవైపు గుడారము ముందు కూర్చున్న రెడ్లు. మరొకవైపు చెన్నపట్టణపు రెవిన్యూ బోర్డు. దాని వెనుక ఎడతెగని యుద్ధముల ఖర్చు. 1803లో మహారాష్ట్రులతో పోరునకు పోవుచున్న ఆర్థర్ వెల్లెస్లీ సేనకు ఈ సీమ నుండియే ఎద్దులు, ధాన్యము తరలినవి. ఆ యేడే వానలు తప్పి కరవు తగిలెను, జనులు వలస పోయిరి. మరుసటి యేడు, 1804లో, కుంభవృష్టి కురిసి వందలకొలది చెరువులు తెగెను. మన్రో శిస్తులో మినహాయింపులిచ్చెను. ఆదాయమును మెల్లమెల్లగా పెంచనిండు, తొందరపెట్టినచో ఉన్నదియు పోవునని పైవారికి నచ్చజెప్పెను. అయినను ఫలితమును చూడుడు. 1800-01లో 10 లక్షల పైచిలుకు వరహాలున్న భూమిశిస్తు 1806-07 నాటికి 15 లక్షల పైచిలుకు వరహాలాయెను. ఏడేండ్లలో ఒకటిన్నర రెట్లు! బీడు సాగులోనికి వచ్చుట, పాళెగాండ్రు తినుచున్నది సర్కారునకు చేరుట ఇందులో గొప్ప భాగమే. కాని పెరిగిన ప్రతి వరహాయు ఎవని గాదెనుండియో రావలసినదే గదా. మన్రోను దేవునిగా చూపించువారు ఈ లెక్కను చెప్పరు.

ఈ యేటేటి బేరమును తగ్గించుటకే ఆయన భూమికొలత, అనగా పైమాష్, చేయించెను. 1802లో అది ఆరంభమగునప్పటికి కొలత తెలిసినవారు కచేరీలో నలుగురు గుమాస్తాలు మాత్రమే. ఆ నలుగురు ఈ సీమవారికే విద్య నేర్పగా కొలతగాండ్ర సంఖ్య నూరుకు చేరెను. ముప్పదిమూడు అడుగుల గొలుసు. ఆ గొలుసు పొడవు వెడల్పు గల చదరము కుంట. నలువది కుంటలు ఎకరము. ప్రతి పొలమునకు సంఖ్య యిచ్చి, మాగాణి, మెట్ట, తోట యని వేరుచేసి, సారమునుబట్టి తరములుగా విభజించి, తరమున కింత యని శిస్తు కట్టిరి. తరము కట్టునపుడు రెడ్డి, కరణము, రైతులు ఎదుట నుండెడివారు. అయినను అది పైనుండి దిగివచ్చిన లెక్కయే. పూర్వపు ప్రభువులు ఎంత తీసికొనిరో పాత లెక్కలు చూచి, సీమ మొత్తమున కింతయని తేల్చి, దానిని ఊళ్లకు పంచి, ఊరి భాగమును పొలములకు పంచిరి.

అట్లు పంచిన శిస్తు మొత్తము పంటలో నూటికి 45 పాళ్లని మన్రోయే లెక్క చూచెను. బడి పిల్లలు సైతము ఈ లెక్కను వేసిచూడవచ్చును. పొలమున 100 తూములు పండినచో 45 తూముల విలువ సర్కారుది. తక్కిన 55 తూములలో విత్తనము, ఎద్దుల మేత, కపిల ఖర్చు, కూలి, అప్పుపై వడ్డి, ఇంటిల్లిపాది తిండి, మరుసటి యేడు వాన రానిచో ఆధారము, అన్నియు వెళ్లవలెను. ఇట్టి భూమిని ఎవడు కొనును? కొనువాడు లేని భూమి ఆస్తి యెట్లగును? 1807 ఆగస్టు 15న వ్రాసిన నివేదికలో మన్రో లేవనెత్తిన ప్రశ్న సారాంశమిదియే. ఆయన కోరినది రైతునకు శాశ్వతమైన రైతువారీ. పైమాష్ శిస్తులో అన్ని భూములపైనను నూటికి 25 తగ్గింపవలెను. రైతు కష్టపడి నీరు తోడి పండించుకొను తోటలకు మరి 8 చేర్చి 33 తగ్గింపవలెను. ఏటి చివర రైతు తనకు వలదన్న భూమిని విడువవచ్చును, వలయునన్న బీడును తీసికొనవచ్చును. నాలుగవ వంతు తగ్గించినచో 45 తూములు 34కు దిగును, అనగా పంటలో ఇంచుమించు మూడవ వంతు. అప్పుడు భూమికి విలువ వచ్చును, బీడు సాగగును, పోయిన ఆదాయము కొన్నేండ్లలో తిరిగి వచ్చునని ఆయన వాదము. రైతుపై జాలియొకటే కాదు, వర్తకుని కొట్టులో నేర్చిన లెక్క కూడ అందున్నది.

ఆ నివేదికలోనే మరొక నియమమున్నది. ఒక రైతు శిస్తు చెల్లింపలేక పోయినచో, ఆ లోటును ఊరిలోని తక్కిన రైతులపై నూటికి 10 వరకు అదనముగా వేసి రాబట్టవచ్చునని దాని సారము. మామూలు పంటనష్టమునకు మినహాయింపు లేదనియు అందుండెను. పొరుగువాని దురదృష్టమునకు తాను కట్టుట యెంత భారమో, అందరి పైరును ఒకేసారి ఎండు ఈ సీమలో వేరుగ చెప్పనక్కరలేదు. ఉదారుడన్న మన్రో కూడ సర్కారు పెట్టె నిండవలెనను పట్టును ఎన్నడును వదలలేదనుటకు ఇది తార్కాణము.

ఆ యేడు అక్టోబరులో ఆయన సెలవుపై స్వదేశమునకు వెడలెను. నాలుగవ వంతు సంగతి వెనుకబడెను. ఖజానాకు అంత నష్టము తట్టుకొను శక్తి లేదని పైవారి తలంపు. అంతేకాక రెవిన్యూ బోర్డులో రైతువారీయే గిట్టనివారు గట్టిగా నుండిరి. 1808లో దత్తమండలములు బళ్లారి, కడప అను రెండు జిల్లాలుగా చీలినవి. ఊరి శిస్తంతయు ఒక గుత్తేదారునకు మొదట మూడేండ్లకును, తరువాత పదియేండ్లకును అప్పగించు పద్ధతి వచ్చెను. రెడ్లలో పలువురు ముందుచూపు లేక పంతమునకు పోయి గుత్తలు తీసికొనిరి. పంట బాగున్న యేడు లాభము, వాన తప్పిన యేడు దివాలా. శిస్తు బాకీపడి ఆస్తులు పోగొట్టుకొన్నవారు, చెరసాల కేగినవారు ఎందరో. క్రింది రైతు మాట అడుగువాడు లేడు. గుత్తేదారునకును సర్కారునకును నడుమ నున్నదే ఒప్పందము, రైతు పేరు అందులో లేదు. ఆయన కోరిన తగ్గింపు నాడే యిచ్చియున్నచో ఎన్ని కాపురములు నిలిచియుండెడివో!

ఇంగ్లండులో మన్రో ఊరకుండలేదు. అప్పటికే ఆయనకు వినికిడి మందగించెను. అయినను కంపెనీ పట్టా మార్చు సందర్భమున 1813లో పార్లమెంటు సభ ముందు ఆయన యిచ్చిన సాక్ష్యము చాలమందిని ఆకర్షించెను. ఈ దేశపు శాలువ నొకదానిని ఏడేండ్లు వాడినను చెక్కుచెదరలేదనియు, ఇంగ్లీషు వస్త్రములు ఇక్కడి నేతను మించజాలవనియు ఆయన నిర్మొగమాటముగా చెప్పెను. నాటి మగ్గములు ఎట్టివో ధర్మవరము నేతగాండ్రకు వేరుగ చెప్పనేల? రైతువారీని గూర్చి డైరెక్టర్లకు ఆయన వినిపించిన వాదములు క్రమముగా గెలిచెను. 1814లో జేన్ కాంప్‌బెల్‌ను వివాహమాడి, న్యాయవ్యవస్థను సంస్కరించు సంఘమునకు అధ్యక్షుడై తిరిగి వచ్చెను. గ్రామ మునసబునకు, పంచాయతీలకు చిన్న తగవులను తీర్చు అధికారమిచ్చిన 1816 నాటి శాసనములు ఆ సంఘపు ఫలమే. 1817-18లో మహారాష్ట్ర యుద్ధమున మరల కత్తి పట్టెను.

1820 జూన్ 10న ఆయన చెన్నపట్టణపు గవర్నరు పదవిని స్వీకరించెను. పదమూడేండ్ల క్రిందట తాను కలెక్టరుగా అడిగిన దానిని గవర్నరుగా తానే ఇయ్యగలిగిన వేళ వచ్చెను. గుత్తల గడువు ముగియగానే దత్తమండలములలో రైతువారీని మరల నిలిపి, పైమాష్ శిస్తులో మెట్టకును మాగాణికిని నూటికి 25, తోటలకు 33 తగ్గించిరి. ముదిగుబ్బ మెట్టలలో కొర్ర పండించిన రైతునకు పట్టాలో అంకె మారినది అప్పుడే. ఇష్టములేని భూమిని బలవంతముగా అంటగట్టరాదని కూడ ఆజ్ఞలు పుట్టెను. రైతువారీ మొదటి దినములలో కచేరీవారు శిస్తు పడిపోకుండుటకై రైతుచే బీడును బలవంతముగా దున్నించిన సందర్భములు లేకపోలేదు. ఆజ్ఞలు కాగితమున మారినంత వేగముగా కచేరీ బంట్రోతు చేయి మారలేదు. మన్రో గతించిన 28 ఏండ్లకు, 1855లో, చెన్నరాజధానిలో శిస్తు వసూలుకై రైతులను చిత్రహింసలు పెట్టుచుండిరని విచారణ సంఘమే తేల్చెను. పాళెగాండ్ర గాయమును మానలేదు. నొస్సము పాళెగాని వంశపు భరణము విషయమై రేగిన అసంతృప్తి 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటునకు దారితీసెను.

గవర్నరుగా ఆయన చేసిన ఇతర కార్యములు ఒక గ్రంథమునకు చాలును. 1820 జూనులో చెన్నపురి కళాశాలలో, దేశభాషలను నేర్చి ప్రజలను తెలిసికొనుడని యువ ఉద్యోగులకు ఆయన బోధించెను. విన్నవారిలో చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ ఒకడు. ఆ యేడే కడపకు సహాయకుడుగా వచ్చిన బ్రౌన్ తెలుగునకు చేసిన సేవ మనమెరిగినదే. 1822లో మన్రో రాజధానిలోని బడులన్నిటి లెక్క తీయించెను. 12,498 బడులు, 1,88,650 మంది విద్యార్థులు ఉన్నట్లు 1826 నాటికి తేలెను. ఆ అంకెలను ఆధారము చేసికొని జిల్లాలలోను తాలూకాలలోను సర్కారు బడులు పెట్టవలెనని ఆయన తలపెట్టెను. కంపెనీకి ప్రజల సొమ్ము ఎంత వచ్చుచున్నదో లెక్కించిన చేతితోనే ప్రజలకేమి యిచ్చుచున్నామో కూడ లెక్కింపబూనుట నాటి ఉద్యోగులలో అరుదు. 1824లో బర్మా యుద్ధము వచ్చిపడగా సేనలను, సామగ్రిని పంపు భారము చెన్నపట్టణముపై పడెను. దానికై ఆయనకు 1825లో బారనెట్ బిరుదము వచ్చెను. ఆయన కోరుకొన్నది మాత్రము పదవీ విరమణ. దానిని కోరి లేఖ వ్రాసినను, వారసుడు వచ్చుట ఆలస్యమాయెను.

పల్లెలలో ఆయనను గూర్చి ప్రబలిన కథలలోను శిస్తు మాటయే వినవచ్చుట గమనింపదగినది. మంత్రాలయ మఠపు ఇనాము భూములను తిరిగి తీసికొనుటకై వచ్చిన మన్రోకు శ్రీ రాఘవేంద్రస్వామి బృందావనమునుండి దర్శనమిచ్చి మాటలాడెననియు, దొర ఆ భూములను మఠమునకే విడిచెననియు భక్తుల విశ్వాసము. తిరుమలలో నైవేద్యమునకు వాడు పెద్ద పాత్రకు మన్రో గంగాళమను పేరున్నది. కడప జిల్లాలో పాపఘ్ని నది కొండలను చీల్చుకొని పారు గండి వద్ద, శ్రీరామునికై కట్టిన బంగారు తోరణము ఆయన కంటబడెనని మరొక కథ. అది కనబడినవాడు ఎక్కువ కాలము బ్రదుకడట. దొర అనుచరులలో పెద్దలు ఆ మాట విని కంట తడి పెట్టిరని చెప్పుదురు.

1827 వేసవి చివర, వెడలిపోవుటకు ముందు తన పాత సీమను ఒకసారి చూచి రావలెనని ఆయన బయలుదేరెను. చెన్నపట్టణమునుండి దత్తమండలములకు వచ్చి, కలెక్టరుగా గుడారములు వేసిన చోట్లకే మరల వచ్చెను. వెంట వచ్చినవారిలో కలరా పుట్టెను. జూలై 6న పత్తికొండ మజిలీలో ఆ వ్యాధి ఆయనకే సోకి, ఆ సాయంకాలమే ప్రాణములు విడిచెను. వయస్సు 66. మరునాడు గుత్తికి కొనిపోయి కోట క్రింది శ్మశానమున పాతిపెట్టిరి. పత్తికొండలో ఆయన పేర బావి త్రవ్వించి తోపు నాటించిరి, గుత్తిలో సత్రము కట్టించిరి. 1831లో ఎముకలను చెన్నపట్టణపు కోటలోని సెయింట్ మేరీ దేవాలయమునకు తరలించిరి. శిల్పి చాంట్రీ చేసిన గుఱ్ఱపు విగ్రహము 1839లో ఆ నగరమున నిలిచెను. జీను గాని, రికాబులు గాని లేని ఆ గుఱ్ఱముపై మన్రో నేటికిని కూర్చుండియే యున్నాడు. దత్తమండలములలో రైతులు మాత్రము ఆ యేడును, తరువాతి యేడులందును, పైరు కోతకు వచ్చు వేళకు పట్టాలు చేతబట్టుకొని జమాబందీ గుడారమునకు పోవుచునే యుండిరి.